ఆమెన్ అనేదాకా

జనరల్ స్ట్రౌడ్ మంచివాడని నాకు చెప్పనివాళ్ళు ఫోర్ట్ హాలరన్‌లో ఒక్కరూ లేరు. గేటు దగ్గర నా కార్డు చూసిన కాపలా సిపాయి చెప్పాడు. గెస్ట్‌హౌస్‌లో తాళంచెవి ఇచ్చినామె చెప్పింది. కాఫీ అడిగితే కాఫీతోపాటు అదే మాట కూడా పోసిచ్చారు. వినీ వినీ నాకు చిరాకెత్తింది. ఒక మనిషి గురించి ఊరంతా ఒకే పాట పాడుతుంటే, పాట బాగున్నా సరే, ఎవరు నేర్పారా అని అడగాలనిపిస్తుంది నాకు.

మేజర్ జనరల్ హార్లన్ స్ట్రౌడ్ భుజం మీద రెండు నక్షత్రాలున్నాయి. మూడోది పెట్టాలని వాషింగ్టన్‌లో పెద్దలు అనుకుంటుండగా ఒక ఫిర్యాదు వచ్చి పడింది. ఆయన తన మతాన్ని కిందివాళ్ళ మీద రుద్దుతున్నాడనీ, ఆయనతో కలిసి ప్రార్థనలో కూర్చోని అధికారికి ఆ బేస్‌లో ఎదుగూ బొదుగూ ఉండదనీ దాని సారాంశం. నేను సైన్యంలో తనిఖీ విభాగంలో కల్నల్‌ని. పేరు లోర్నా పికెట్. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డదాన్ని, ఎవరికీ మొహమాటపడాల్సిన పనిలేదు. అందుకే నన్ను కాన్సస్‌లోని ఈ ఫోర్ట్ హాలరన్‌కి పంపారు.

"మనిషి ఎలాంటివాడో చూసి రా లోర్నా. నువ్వు ఊ అంటే నక్షత్రం వస్తుంది, ఉహూ అంటే రాదు" అన్నాడు మా పైఅధికారి.

"నేనూ ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళేదాన్నే. నన్నే పంపుతున్నారేం?" అన్నాను.

"అందుకే పంపుతున్నా. వెళ్ళనివాళ్ళని పంపితే పగబట్టారంటారు."

ముందు సార్జెంట్ మేజర్ ఎలాయ్ మోంటోయాని పట్టుకున్నాను. బేస్‌లో సిపాయిలందరికీ పెద్దదిక్కు, జనరల్ పక్కన ఏళ్ళ తరబడి నడిచినవాడు. న్యూ మెక్సికో మనిషి, మీసాల కిందే నవ్వుకునే రకం.

"బలవంతమా? ఆయనా? అబ్బే" అన్నాడు. "గురువారం పొద్దున టిఫిన్ దగ్గర బైబిల్ చదువుకుంటాం, రావాలనుకున్నవాళ్ళు రావచ్చు అంటాడు మేడమ్. అంతే. రెండోసారి కూడా అనడు."

"మరి వస్తారా?"

"కుర్చీలు చాలవు."

"అంత భక్తిపరులా మీ అధికారులు?"

మోంటోయా తలుపు వంక ఓసారి చూశాడు. "భక్తి ఎక్కడిది మేడమ్! వాలంటీర్‌గా వేసేశారు."

ఆ మాట విని నవ్వు ఆపుకోలేకపోయాను. సైన్యంలో మేమంతా వాడేదే అది. ఎవరైనా స్వచ్ఛందంగా రావచ్చని పైవాడు అంటాడు, ఆ స్వచ్ఛందం ఎవరిదో అప్పటికే తేలిపోయి ఉంటుంది. గోడకి రంగులెయ్యడానికైనా, రక్తదానానికైనా అంతే. దేవుడి దగ్గరికి కూడా అలాగే పంపుతారని మాత్రం నాకు తట్టలేదు.

"మరి నువ్వు వెళ్తావా?"

"నేను కాథలిక్‌ని మేడమ్. నా ప్రార్థన నేను ఆదివారం చేసుకుంటా. గురువారం గ్రేవీ కోసం వెళ్తా."

ఆ మధ్యాహ్నం జనరల్ తన ఆఫీసులోకి నన్ను స్వయంగా తలుపు తీసి పిలిచాడు. పొడుగ్గా, ఎండిన కర్రలా ఉన్నాడు. ఓక్లహోమా పొలాల్లో పెరిగిన చేతులు. గోడ మీద పతకాలుంటాయనుకున్నాను, ఒక్కటీ లేదు. తన కింద పనిచేస్తూ చనిపోయిన సిపాయిల ఫోటోలున్నాయి. ఒక్కొక్కరి గురించీ అడిగి చూశాను, పరీక్ష పెడదామనే. తల్లుల పేర్లతో సహా చెప్పాడు. ఒకడి చెల్లెలికి చదువు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాడు. చెబుతూ ఫోటో చట్రం మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. అది నటన కాదు, నటన ఎలా ఉంటుందో నేను చాలా చూశాను.

"నేనెవర్నీ రమ్మనలేదు కల్నల్. రానందుకు ఎవరికీ కీడు చెయ్యలేదు. చేశానని ఒక్కళ్ళు నా మొహమ్మీద చెబితే ఇవాళే యూనిఫాం విప్పి బల్లమీద పెడతాను."

"మీ మొహమ్మీద ఎవరు చెబుతారు సార్?"

"ఎందుకు చెప్పరు? నా తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది."

నిజంగానే నమ్మి అన్నాడు. నాకు కోపం రావాలి, జాలేసింది. లేవబోతుంటే, "మీ పని సవ్యంగా సాగాలని ఒక్కమాట ప్రార్థిస్తాను, అభ్యంతరం లేదుగా?" అన్నాడు.

ఆయన నోరు తెరిచేసరికే నా కళ్ళు మూతపడ్డాయి. చిన్నప్పుడు నెబ్రాస్కాలో మా నాయనమ్మ ప్రార్థనలో కళ్ళు తెరిస్తే తొడ మీద గిల్లేది, ఆ అలవాటు. చక్కటి ప్రార్థన అది. చివర్లో ఆమెన్ అన్నాను కూడా. మెట్లు దిగి బయట ఎండలో నిలబడ్డాకగానీ బుర్ర పనిచెయ్యలేదు. ఆయన మీద విచారణకొచ్చిన అధికారిని నేను. ఆయన గదిలో, ఆయన అడగ్గానే తలవంచి, ఆయనతో గొంతు కలిపి వచ్చాను. ఎవరైనా నన్ను బెదిరించారా? లేదు. అభ్యంతరం లేదుగా అని మర్యాదగా అడిగారు. నామీద నాకే ఒళ్ళు మండింది.

ఫిర్యాదు చేసింది కెప్టెన్ డెల్ఫీన్ యార్‌బ్రో. గాయపడ్డవాళ్ళని మోసుకొచ్చే హెలికాప్టర్ల పైలట్. హ్యాంగర్‌లో హెలికాప్టర్ కింద నేలమీదే కూర్చుని శాండ్‌విచ్ తింటూ కనిపించింది. అలబామా యాస. నన్ను చూసి లేవబోతే కూర్చోమని నేనూ పక్కన చతికిలబడ్డాను.

"ఏమ్మా, నీకు దేవుడంటే పడదా, జనరల్ అంటే పడదా?"

"దేవుడితో నాకు పేచీ లేదు మేడమ్. మా నాన్న పాస్టర్. ఇల్లంతా ఆయనే, ఊరంతా ఆయనే. ఎవరూ ఏమీ అడగని చోటుకి పోదామని సైన్యంలో చేరా. ఇక్కడ హార్లన్ నాన్న దొరికాడు."

"మరి జనరల్?"

కాసేపు నమిలింది. "నాకు ఆయనంటే ఇష్టమే. అదే బాధ. నేను ఆస్పత్రిలో ఉంటే రోజూ వచ్చాడు. చెడ్డవాడైతే ఎప్పుడో ఉద్యోగం వదిలేసి పోయేదాన్ని, ఫిర్యాదు ఎందుకు?"

"గురువారాలు వెళ్ళవు కాబట్టి ప్రమోషన్ ఆగిందా?"

"ఆగింది. కల్నల్ హసెల్ పిలిచి, నువ్వు అందరిలో కలవవమ్మా అన్నాడు. పోన్లెండి, అది నా గొడవ. నేను రాసింది అందుక్కాదు. కాంగ్ థావ్ కోసం రాశాను."

హసెల్ అంటే బ్రెంట్ హసెల్, జనరల్‌కి కుడిభుజం, బేస్ వ్యవహారాలన్నీ నడిపేవాడు. సార్జెంట్ కాంగ్ థావ్ ఈమె హెలికాప్టర్‌లో మెకానిక్‌గా ఎగిరేవాడు. కిందటి ఏడు ఒక శిక్షణలో వేరే హెలికాప్టర్ ఎక్కాడు, అది కూలింది. వాడి సంస్మరణ ఈ హ్యాంగర్‌లోనే జరిగింది.

మా పద్ధతి తెలిసిందే. బూట్లు పెడతారు, తుపాకీ తలకిందులుగా నిలబెడతారు, దాని మీద హెల్మెట్. హాజరు పిలుస్తారు. బతికున్నవాళ్ళు ఒక్కొక్కరూ "ఉన్నాను" అంటారు. ఆఖర్న పోయినవాడి పేరు. సార్జెంట్ థావ్. జవాబు ఉండదు. సార్జెంట్ కాంగ్ థావ్. ఉండదు. మూడోసారి మధ్యపేరు కూడా కలిపి పూర్తి పేరుతో పిలుస్తారు. ఎంత రాటుదేలినవాళ్ళయినా ఆ మూడో పిలుపు దగ్గర నిలవలేరు. నేనూ నిలవలేను.

"అది అయ్యాక జనరల్ మైకు తీసుకున్నాడు మేడమ్. తలలు వంచండి అన్నాడు. వంచారు. కాంగ్ ప్రభువు చేతుల్లో ఉన్నాడు, ప్రయాణం ముగిసింది, ఇల్లు చేరాడు అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు, మనసులోంచే అన్నాడు."

"నువ్వు తల వంచలేదా?"

"నేను కళ్ళు మూసుకోను. మా నాన్న చర్చిలోనే మానేశా. కళ్ళు తెరిచి ఉండేవాళ్ళం ఒకళ్ళకొకళ్ళం తెలుస్తాం మేడమ్, చూపులు కలుస్తాయిగా. ఆ రోజు నా చూపు కాంగ్ వాళ్ళ నాన్నతో కలిసింది. హ్యాంగర్ నిండా వంగిన తలలు. వాటి మధ్య పొట్టి ముసలాయన, సూటు వదులుగా వేలాడుతూ, బిత్తరచూపులు చూస్తూ. కొడుకు పోయినవాడు మేడమ్, ఒక్కళ్ళు కూడా ఆయన వంక చూడట్లేదు. అందరూ ఆయన కోసమే ప్రార్థిస్తున్నారు."

శాండ్‌విచ్ పక్కన పెట్టేసింది.

"బయటికొచ్చాక పార్కింగ్‌లో నా చెయ్యి పట్టుకున్నాడు. మావాడికి దారి తప్పించాడమ్మా మీ పెద్దాయన, అన్నాడు."

థావ్‌లు హ్మాంగ్ తెగవాళ్ళు. వియత్నాం యుద్ధకాలంలో లావోస్ కొండల్లో అమెరికా తరఫున పోరాడి, ఆ యుద్ధం ఓడాక మిన్నెసోటా చేరినవాళ్ళు. వాళ్ళ నమ్మకంలో, మనిషి పోతే వాడి ఆత్మ తాను బతికిన ఊళ్ళన్నీ చివర్నుంచి మొదటికి ఒక్కొక్కటీ దాటుకుంటూ పుట్టినచోటికి నడవాలి. అక్కణ్ణుంచి పూర్వీకుల దగ్గరికి. ఆ దారి పాడి వినిపించే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు.

"అదేంటి తాతా, మీ ఊళ్ళో మీ పద్ధతిలో పాడిస్తారుగా, ఇక్కడి మాటతో ఏం పోయింది అన్నా" అంది డెల్ఫీన్. "అంటే ఏమన్నాడో తెలుసా? మావాడు సిపాయమ్మా. జనరల్ అంతటివాడు మైకులో నువ్వు ఇల్లు చేరావు, ఆగు అని చెప్పాక, ఎవరో పాటగాడు నడవమంటే నడుస్తాడా? అన్నాడు."

నాకు నవ్వొస్తుందేమో అనుకున్నాను. రాలేదు. ముప్ఫై ఏళ్ళు యూనిఫాంలో ఉన్నదాన్ని, ఆ మాటలో తప్పు పట్టలేకపోయాను.

"గురువారం టిఫిన్‌కి వెళ్ళండి మేడమ్" అంది నేను లేస్తుంటే. "ప్రార్థనప్పుడు కళ్ళు మాత్రం మూసుకోకండి."

వెళ్ళాను. మెత్తటి రొట్టెల్లాంటి బిస్కట్లు, వాటి మీద పోసుకునే తెల్లగ్రేవీ, కాఫీ. నిజంగానే కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డారు. జనరల్ లేచి తల వంచాడు. నాయనమ్మ గిల్లుడు తొడమీద చురుక్కుమంది, అయినా కళ్ళు తెరిచే ఉంచాను. యాభై దాటిన మనిషిని, దొంగతనం చేస్తున్నట్టు చుట్టూ చూశాను.

గదంతా ఆగిపోయి ఉంది. ఒక మేజర్ నోటిదాకా ఎత్తిన ఫోర్కు అలాగే ఉంది. జనరల్ ఒక్కడే గట్టిగా కళ్ళు మూసుకుని, మొహమంతా వెలుగుతో, ఆ గదిలో ఒంటరిగా దేవుడి ఎదుట నిలబడ్డట్టున్నాడు. నిజమైన భక్తి అది. నాకు అసూయ కూడా కలిగింది. అప్పుడు చూశాను హసెల్‌ని. జనరల్ పక్కనే, తల కొద్దిగా వంచి, కళ్ళు మాత్రం తెరిచి, ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్కొక్క మొహమూ చూసుకుంటూ వస్తున్నాడు. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు తల వంచారు, ఎవరు కిటికీలోంచి చూస్తున్నారు. తీరిగ్గా, సంతలో గొర్రెల్ని చూసుకున్నట్టు. నా దగ్గరికొచ్చేసరికి మా చూపులు కలిశాయి. ఠక్కున కళ్ళు మూసుకున్నాడు, అప్పటికి ఆలస్యమైంది.

బయట వరండాలో నిలదీశాను.

"ఏం చూస్తున్నావయ్యా ప్రార్థనలో?"

"తప్పేముంది మేడమ్? మనవాళ్ళెవరో తెలుసుకోవడం నా ఉద్యోగం. రేపు యుద్ధం వస్తే జనరల్ చుట్టూ నమ్మకస్థులుండాలిగా."

"ఆయన అడిగాడా చూడమని?"

"ఆయన అడగరు. ఆయనకి అక్కర్లేకుండా చేసిపెట్టడమేగా మా పని" అన్నాడు, గర్వంగా.

అక్కణ్ణుంచి సూటిగా జనరల్ గదికి వెళ్ళాను. హసెల్ సంగతి చెప్పాను. ముసలి థావ్ మాట చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది, కానీ నమ్మలేదు.

"బ్రెంట్ అలాంటివాడు కాదు. పొరపడ్డారు. ఆ తండ్రి నా ఎదుట కన్నీళ్ళు పెట్టుకున్నాడు కల్నల్, నేను ఆయన చేతులు పట్టుకున్నాను."

"ఎందుకు ఏడుస్తున్నాడో అడిగారా?"

ఆయన గోడమీది ఫోటోల వైపు తిరిగాడు.

"సార్, మీరు ప్రార్థిస్తున్నప్పుడు ఎదుట జనం ఎలా ఉంటారో ఎప్పుడైనా చూశారా?"

"ప్రార్థనలో పక్కవాళ్ళని చూడటం మా అమ్మ నేర్పలేదు."

"మా నాయనమ్మా నేర్పలేదు, గిల్లేది. కానీ రేపు మధ్యాహ్నం మెస్‌లో ఒక్కసారి కళ్ళు తెరిచి ప్రార్థించండి. మీరు నమ్మే దేవుణ్ణే నేనూ నమ్ముతాను కాబట్టి అడుగుతున్నా. ఆయన ఏమీ అనుకోడు."

"ఇది నాకు పరీక్షా?"

"అవును సార్. దాచడం దేనికి?"

మర్నాడు మెస్‌లో మాంసం, చిక్కుళ్ళతో కాచిన చిల్లీ, పక్కన తియ్యటి దాల్చినచెక్క రోల్. మా వైపు ఆ రెండూ కలిపే తింటారు, బయటివాళ్ళు వింతగా చూస్తారు. హాలు కిటకిటలాడుతోంది. జనరల్ లోపలికొచ్చి, ఎప్పట్లాగే ట్రే పట్టుకుని సిపాయిలతో వరసలో నిలబడి, ఎప్పట్లాగే అందరి మధ్యా ఒక బల్ల దగ్గర ఆగాడు. తల వంచాడు. హాల్లో చప్పుడు కుళాయి కట్టేసినట్టు ఆగింది.

"ప్రభువా, ఈ భోజనం కోసం..." అని మొదలుపెట్టి కళ్ళు తెరిచాడు.

నేను ఆయన మొహాన్నే చూస్తున్నాను. ముందు అర్థం కాలేదు ఆయనకి. తర్వాత ఒక్కొక్కటే కనబడసాగింది. వడ్డన బల్ల వెనక వంటాయన గరిటె గాల్లోనే పట్టుకుని నిలబడ్డాడు, చిల్లీ బూటు మీద కారుతున్నా కదల్లేదు. తలకి రుమాలు కట్టిన ఒక నర్సు ట్రే బరువుకి చేతులు వణుకుతున్నా దించలేదు. ఇద్దరు లెఫ్టినెంట్‌లు వంచిన తలల కిందనుంచే ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పళ్ళు బిగబట్టుకున్నారు. హసెల్ చూపు వరస వెంట నడుచుకుంటూ, నడుచుకుంటూ వచ్చి జనరల్ కళ్ళలో పడి గడ్డకట్టుకుపోయింది. కిటికీ దగ్గర డెల్ఫీన్ నిటారుగా కూర్చుని తిన్నగా ఆయన్నే చూస్తోంది.

ఆయన గొంతు ఆగిపోయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. హాల్లో ఒక్క తలా లేవలేదు. ఎలా లేస్తుంది? జనరల్ ఆమెన్ అనలేదు. ఆమెన్ అనేదాకా ఎవరూ తల ఎత్తరు. ఆయన చూస్తూ ఉన్నాడు, వాళ్ళు వంగి ఉన్నారు. చిల్లీ చల్లారిపోతోంది. ఎంతసేపని? అనెయ్ సార్, వదిలెయ్ వాళ్ళని అని అరవాలనిపించింది.

"భోజనం చెయ్యండి" అన్నాడు చివరికి, మెల్లగా.

ఎవరూ కదల్లేదు. అది ఆమెన్ కాదుగా.

"వినబడలా? తినమన్నారు!" అని మోంటోయా గదమాయిస్తే అప్పుడు లేచాయి తలలు.

జనరల్ ట్రే అక్కడే వదిలి కిటికీ దగ్గరికి నడిచాడు. డెల్ఫీన్ లేచి నిలబడింది.

"కెప్టెన్, ఆ రోజు హ్యాంగర్‌లో థావ్ వాళ్ళ నాన్న ఎక్కడ నిలబడ్డాడు?"

"మీ ఎదురుగానే సార్. మొదటి వరసలో."

ఆయన తలూపి, టోపీ తీసుకుని, తినకుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా హసెల్‌ని ఆ పనిలోంచి తప్పించాడు. గురువారం టిఫిన్ ఆపేశాడు. తర్వాత నన్ను పిలిపించాడు.

"ఏం రాశారు కల్నల్?"

"నక్షత్రం వద్దని రాశాను సార్."

కుర్చీలో వెనక్కి వాలాడు. కోరిక లేని మనిషేం కాదు, ఆ నక్షత్రం కావాలని ఎంతగా అనుకున్నాడో అప్పుడు కనబడింది. "నేను ఇప్పుడు చూశాను. అది లెక్కలోకి రాదా?"

"వస్తుంది సార్. మీరు మంచివారని కూడా రాశాను, చూడగానే దిద్దుకున్నారని రాశాను. కానీ ఇన్నేళ్ళూ చూడలేదు. మూడో నక్షత్రం వస్తే మీ చుట్టూ హసెల్‌లు ఇంకా పెరుగుతారు. మీ కళ్ళు మూసి ఉన్నప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో అడగలేని మనిషి చేతికి అంతమంది సిపాయిల్ని అప్పగించమని నేను సంతకం పెట్టలేను."

"మీకు కొడుకుంటే నాకు అప్పగిస్తారా?"

ఆ ప్రశ్న గుండెలో దిగింది. నా కొడుకు నేవీలో ఉన్నాడు. "అప్పగిస్తాను సార్. వాడిదీ మా నాయనమ్మ నేర్పిన పద్ధతే, మీ దగ్గరుంటే గురువారాలు తప్పక వచ్చేవాడు. వాడికి మీతో ఏ కష్టమూ ఉండదు. కష్టం రానివాళ్ళని చూసి మిమ్మల్ని తూచలేను."

ఆయన వాదించలేదు. కారులో కూర్చున్నాక ఏడ్చాను. నా నివేదిక తప్పని కాదు. ఆయన చేతులు పట్టుకుని ఓదార్చిన తల్లులంతా గుర్తొచ్చారు.

నివేదిక చేరింది, నక్షత్రం ఇంకెవరికో వెళ్ళింది. అక్కడితో నా పని అయిపోయింది. కొన్ని వారాలకి డెల్ఫీన్ ఫోన్ చేసింది. కాంగ్ పోయి ఏడాది తిరిగింది, ఆత్మని పిలిచి, ఆఖరిసారిగా సాగనంపే తంతు ఇంటిదగ్గర చేస్తున్నారు, జనరల్ ముసలాయనకి ఫోన్ చేసి రావచ్చా అని అడిగాడు, రమ్మన్నారు, మీరూ వస్తారా అని. సెలవు పెట్టి వెళ్ళాను.

సెయింట్ పాల్‌లో ఇరుకు వీధి, ఇరుకు ఇల్లు. గుమ్మం దాకా చెప్పులూ బూట్లూ. లోపల ఉడికిన కోడి వాసన, అన్నం ఆవిరి, ఒక మూల పెద్ద డప్పు, పక్కన వెదురు గొట్టాల వాద్యం. జనరల్ యూనిఫాంలో రాలేదు. మామూలు కోటు వేసుకుని, మేజోళ్ళతో, గోడవారన ఒదిగి నిలబడ్డాడు. ముసలి థావ్ ఆయన్ని కిందనుంచి పైకి చూశాడు.

"మీకు చెప్పాల్సింది ఉంది" అన్నాడు జనరల్. "ఆ రోజు మిమ్మల్ని అడక్కుండా మాట్లాడాను. నాకు తెలియలేదు. తెలుసుకోవాల్సింది."

"ఊఁ" అన్నాడు ముసలాయన. అంతే. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. పాటగాడి వైపు తిరిగి ఏదో చెప్పాడు. పాటగాడు ఏదో అడిగాడు.

"వాడు సైన్యంలో ఎక్కడెక్కడ ఉన్నాడో నాకు సరిగ్గా తెలీదు" అన్నాడు ముసలాయన. "పోయినేడు ఆ ఊళ్ళన్నీ వదిలేసి పాడాం. నీకు తెలుసా?"

జనరల్ నోటికి నేర్చుకుని వచ్చాడు. వెనకనుంచి మొదలుపెట్టాడు. కాన్సస్, బేస్ బారక్‌లో వాడి గది. కువైట్‌లో ఇసకలో గుడారం. జర్మనీలో ఆస్పత్రి పక్క మైదానం. అలబామాలో హెలికాప్టర్ల బడి. జార్జియాలో వాడికి మొదటిసారి గుండు గీసిన చోటు. పాటగాడు ఒక్కొక్కటీ తన భాషలో మెల్లగా తిరిగి పలికాడు. వాడి తల్లి ఒక్కో పేరుకీ తలూపుతూ, వినని ఊళ్ళని కూడా కొడుకు ఊళ్ళే అన్నట్టు వింటోంది.

"అన్నిటికన్నా చివర ఎక్కడున్నాడు?" అన్నాడు ముసలాయన.

జనరల్ ముసలాయన వైపు తిరిగాడు. "హ్యాంగర్‌లో" అన్నాడు. "నేను ఆపిన చోట."

"అయితే కదలమని నువ్వే చెప్పు. మా పాటగాడి మాట వినడు వాడు. నీ మాట వింటాడు."

గదిలో డప్పు దగ్గర మనిషి కూడా చెయ్యి ఆపాడు. జనరల్ మొహంలోకి చూడలేకపోయాను. ఆయన నమ్మకం ప్రకారం కాంగ్ ఎక్కడున్నాడో ఆయనకి తెలుసు. ఈ ఇంట్లో నిలబడి ఇంకో మాట పలకడమంటే ఆయనకి ఏమిటో నాకు తెలుసు, నేనూ ఆ చర్చి బల్లల మీదే పెరిగాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ముసలాయన అడిగాడు, అడిగి ఎదురుచూస్తున్నాడు. తనకి ఇష్టం లేదంటే కోటు తీసుకుని వెళ్ళిపోవచ్చు. తలుపు తీసే ఉంది.

స్ట్రౌడ్ గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చాడు. మడమలు దగ్గరికి చేర్చాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, ముసలాయన మొహం మీదే ఉన్నాయి.

"సార్జెంట్ థావ్" అన్నాడు. ఆ గొంతు వినగానే డెల్ఫీన్ నా పక్కన అప్రయత్నంగా నిటారుగా నిలబడింది. నేనూ నిలబడ్డాను.

"సార్జెంట్ కాంగ్ థావ్."

మూడోసారి పూర్తి పేరు పిలిచాడు. హ్యాంగర్‌లో హాజరు పిలిచిన పద్ధతే అది.

"నువ్వు ఇల్లు చేరావని నేను చెప్పింది పొరపాటు. ఇంకా నడవాల్సింది ఉంది. ఇక్కణ్ణుంచి మీ నాన్న చెప్పినట్టు విను. కదులు."

ముసలాయన కళ్ళు తుడుచుకుని పాటగాడికి చెయ్యి ఊపాడు. ఆమెన్ అని ఎవరూ అనలేదు. వెదురు వాద్యం మొదలైంది. జనరల్ పాట అయ్యేదాకా తల ఎత్తి, కళ్ళు తెరిచి, అక్కడే నిలబడ్డాడు.